కొత్త టైర్లు ముందుకా, వెనక్కా

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. వడ్రంగి కదా, చొక్కా జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా చేతిలో మూలమట్టం ఉండేది, అందుకని అందరికీ మూలమట్టమే. గుమ్మం వెంట్రుకవాసి వంకరున్నా ఊడదీసి మళ్ళీ బిగించేవాడు. ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. చిన్నప్పుడు విరిగిన కుర్చీలు ఏరి తెచ్చుకుని, విప్పి, చూసి నేర్చుకున్నాడు. మాటలతో మేకు దిగదని రోజుకి నాలుగుసార్లయినా అనేవాడు. తను చెక్క మీద గీత గీస్తుండగా ఇంటివాళ్ళెవరైనా ఒక సలహా పారేస్తే, ఉలి కింద పెట్టి, "అయితే మీరే కొట్టుకోండి" అని బీడీ ముట్టించుకునేవాడు.

ఆయనకో చిన్న కారుంది. వెనక సీటు సగం మడిచి పలకలు వేసుకు తిరిగే బండి. దాని ముందు టైర్లు రెండూ అరిగి గుండయిపోయాయి. వెనకవి ఇంకా అంత చెడలేదు గానీ గాడుల లోతు తగ్గింది. రెండు కొత్తవి వేయిద్దామని ఒకరోజు నాలుగు రోడ్ల దగ్గర టైర్ల కొట్టుకి వెళ్ళాడు.

ఆ కొట్టు ఒక ముప్ఫయ్యేళ్ళ అమ్మాయిది. నాన్న నడుం పడిపోయాక తనే జాకీ అందుకుంది. మాట తక్కువ మనిషి. మూలమట్టం వరసగా నిలబెట్టిన టైర్ల మీద బొటనవేలితో నొక్కి చూశాడు, గోరుతో గీశాడు, దూలం కొనేటప్పుడు చెక్కని వాసన చూసినట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లోతైన గాడులున్న జత ఒకటి నచ్చింది. ఆమె వచ్చి టైరు పక్కన చిన్నగా అచ్చుపోసి ఉన్న నాలుగంకెలు చూపించింది. మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం అంది. ఆ జత తయారై ఆరేళ్ళు దాటిందనీ, పైకి నిగనిగలాడినా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుందనీ, తన సరుకే అయినా తీసుకోవద్దనీ చెప్పింది. వేరే జత తీసి ముందు పెట్టింది. పనితెలిసిన పిల్లే అని మూలమట్టం లోపల మెచ్చుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఇవి వెనక వేసి, వెనకవి ముందుకి తెస్తాను బాబాయ్," అందామె.

అరిగింది ముందువైతే వెనక వేయడమేమిటన్నాడాయన. ఆమె ఓపిగ్గానే చెప్పింది. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగులో చేతికి తెలుస్తుంది, కాలు తీస్తే బండి సర్దుకుంటుంది. వెనకవి జారితే మనకి తెలిసేసరికే బండి అడ్డం తిరిగిపోతుంది. అందుకని పట్టు ఎక్కువున్నవి ఎప్పుడూ వెనకే ఉండాలంది.

పక్కన నలుగురు బండ్ల కోసం కూర్చుని ఉన్నారు. మూలమట్టం వాళ్ళవైపు తిరిగాడు.

"విన్నారా? నాడాలు ఎద్దులకి కాకుండా బండికి కొట్టాలట."

నలుగురూ పగలబడి నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆయన చెప్పినట్టే ముందు బిగించింది. తాళం ఇస్తూ, వానలో మాత్రం నెమ్మదిగా పోనివ్వమంది. ఆయన దానికీ తల ఎగరేశాడు.

పదిరోజులకి వాన పట్టుకుంది. ఆయన అక్క బడిపిల్లల బట్టలు కుడుతుంది. బడులు తెరిచే రోజులు, చేతినిండా పని. బట్ట తానులు ముందు సీట్లో పెట్టి, అక్కని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. నీళ్ళ ట్యాంకు దగ్గర మలుపు తిప్పాడో లేదో, బండి వెనక భాగాన్ని ఎవరో తోక పట్టి విసిరినట్టయింది. ఆయన స్టీరింగు ఎటు తిప్పినా దానికి పట్టలేదు. రోడ్డంతా ఒక చుట్టు తిరిగి, కారు కల్వర్టు గోడకి పక్కవాటుగా కొట్టుకుంది. ఆయనకి గీత కూడా పడలేదు. అక్క కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రి వరండాలోకి బావ పరిగెత్తుకొచ్చాడు. బావ ఒక బడిలో వ్యాన్ల బాధ్యత చూస్తాడు, ఆ వ్యాన్లన్నిటికీ టైర్లు వేసేది నాలుగు రోడ్ల కొట్టే. వస్తూనే, మొన్నే కదరా కొత్త టైర్లు వేయించావు, ఆ పిల్ల ఏం అంటగట్టింది నీకు అన్నాడు. మూలమట్టం నోరు తెరిచాడు. కట్టుతో ఉన్న అక్క చెయ్యి కనిపించింది. నోరు మూసుకున్నాడు. అంతే. ఒక్క అబద్ధం కూడా ఆడలేదు ఆయన. బావ తిట్టుకుంటూ పోతుంటే తలొంచుకుని నేలమీది గచ్చు చూస్తూ కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి బావ వ్యాన్లని వేరే కొట్టుకి మళ్ళించాడు. ఆ మాట ఈ నోటా ఆ నోటా పడి, ఆ పిల్ల టైర్లు జారతాయట అన్నదాకా వచ్చింది. మూలమట్టం నాలుగు రోడ్ల వైపు వెళ్ళడం మానేసి, సామిల్లుకి చుట్టు తిరిగి పోయేవాడు. అక్క ఇంటికి రోజూ వెళ్ళి, ఎడం చేత్తో ఆవిడ అన్నం కలుపుకోవడం చూడలేక, గాజు పగిలిన అలమరో ఊగే పీటో బాగుచేసి వచ్చేసేవాడు.

ఒకరోజు ఒక మాస్టారి ఇంట్లో వీధి తలుపు బిగిస్తున్నాడు. బరువైన తలుపు, మూడు మడతబందులు కావాలి, మూడోది పై బందుకి దగ్గరగా పడాలి. మాస్టారు రెండు చాలన్నారు, కావాలంటే మూడోది సరిగ్గా మధ్యలో కొట్టమన్నారు, చూడ్డానికి బావుంటుందట. మూలమట్టానికి ఎప్పటిలాగే కోపం నషాళానికెక్కింది.

"పని తెలిసినవాణ్ణి చెబుతుంటే..." అని మొదలుపెట్టాడు.

అక్కడే ఆగిపోయాడు. మాస్టారు ఏమయిందన్నారు. ఏం లేదని, బందు ఎందుకు పైకి ఉండాలో తలుపు వేసి తీసి మూడుసార్లు చూపించాడు. ఆయన ఒప్పుకున్నారు. చెయ్యి కడుక్కుని మూలమట్టం తిన్నగా అక్క ఇంటికి వెళ్ళాడు.

బావ ముందూ అక్క ముందూ నిలబడే చెప్పాడు. ఆ అమ్మాయి టైర్లు వెనక వేస్తానన్నదీ, తను నలుగురిలో వేళాకోళం చేసిందీ, ఆసుపత్రిలో నోరు కుట్టేసుకుందీ, ఏదీ దాచలేదు. వ్యాన్లకి ఏడాదికి వేరేవాళ్ళతో సంతకాలైపోయాయి, ఇప్పుడు నేనేం చెయ్యనురా అన్నాడు బావ, తనలో తను అనుకున్నట్టు.

అక్క కట్టు చెయ్యి ఒళ్ళో సర్దుకుంది. "నా చెయ్యి అతుక్కుంటుందిలే. ముందు అక్కడికి వెళ్ళు. నాకు చెప్పి చేతులు దులుపుకుందామనుకోకు," అంది.

కొట్టు ముందు అయిదారుగురు ఉండాల్సిన వేళకి ఇద్దరే ఉన్నారు. ఆమె ఒక ట్యూబుని నీళ్ళలో ముంచి చూస్తోంది. మూలమట్టం ఆ ఇద్దరికీ కూడా వినబడేలా గొంతు పెంచి చెప్పాడు. తప్పు తనదని, టైర్లు మంచివేనని, ఆమె చెప్పిన మాట తను వినలేదని. ఆ ఇద్దరిలో ఒకాయన ఫోనులోంచి తలెత్తి చూసి మళ్ళీ దించేశాడు. ఆరోజు నవ్విన నలుగురిలో ఒక్కడూ అక్కడ లేడు. వ్యాన్లు తిరిగి రావని కూడా చెప్పాలి. చెప్పాడు. అది చెప్పేటప్పుడు గొంతు పెరగలేదు.

ఆమె ట్యూబు పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది.

"అక్కకి ఎలా ఉంది?"

కట్టు ఇంకా మూడు వారాలుంటుందన్నాడు. ఆమె చెయ్యి చాపింది. తాళం కోసమని అర్థం కావడానికి ఆయనకి క్షణం పట్టింది. నాలుగు చక్రాలూ విప్పి, కొత్తవి వెనక్కి, పాతవి ముందుకి మార్చింది. బోల్టులు ఎదురెదురుగా, ఒక్కొక్కటీ రెండు విడతలుగా బిగించింది. ఆ చేతుల్లో తొందర లేదు. ఆయన సాయానికి వంగబోతే, పక్కకి జరగండి బాబాయ్ అంది, అంతే. తిడుతుందనుకుని సిద్ధపడి వచ్చాడు మనిషి. ఒక్క మాటైనా అంటే తలొంచుకుని పడేవాడు.

తాళం చేతిలో పెట్టి, ముందు టైర్లు కూడా ఎక్కువ రోజులు రావు, ఈ వానల్లోనే మార్చుకోవాలని చెప్పింది. ఆయన తలూపి, ఇంకేదో అనాలని అక్కడే నిలబడ్డాడు. ఆమె అప్పటికే ట్యూబు దగ్గరకి వెళ్ళి, దాన్ని నీళ్ళలో తిప్పుతూ బుడగ ఎక్కడొస్తుందా అని చూస్తోంది.