షెడ్డులో ఎర్రబల్బు

నా చిన్నప్పుడు సిరిసిల్లలో మా బాపు పనిచేసే సాంచాల షెడ్డు మా ఇంటికి ఎదురుగానే ఉండేది. ఆ మరమగ్గాలు నడుస్తుంటే లోపల చెవి దగ్గర అరిచినా వినపడదు. అందుకని లోపల ఒక ఎర్రబల్బు వేలాడదీసి, దాని స్విచ్చు బయట గోడకు పెట్టారు. బయట ఎవరికి పొగ కనపడినా స్విచ్చు వేయాలి. బల్బు వెలిగితే అందరూ పని ఆపి బయటికి రావాలి.

ఎండాకాలం సెలవుల్లో అమ్మ బీడీల కార్ఖానాకు పోయేది. ఇంట్లో నేనూ, గోడ మీద ఒక బల్లీ. బల్లితో మాటలు మొదటి వారంలోనే అయిపోయాయి. బాపు ఇరవై అడుగుల దూరంలోనే ఉన్నాడు, కానీ ఆ చప్పుడుకు అవతల. ఒక మధ్యాహ్నం ఉండలేక స్విచ్చు వేశాను. ఒంటినిండా దూదితో ఎనిమిది మంది ఉరికొచ్చారు, అందరికంటే ముందు బాపు.

"ఏమైంది బిడ్డా?"

"బల్లి," అన్నాను. అంతకంటే పెద్ద జంతువు ఆ సమయానికి దొరకలేదు.

మొదటిసారి నవ్వారు. రెండోసారి పామన్నాను, వెతికి తిట్టారు. నాలుగోసారి బాపు ఒక్కడే గుమ్మం దాకా వచ్చి, నేను రెండు కాళ్ల మీద నిలబడే ఉన్నానని చూసుకుని వెనక్కి పోయాడు.

తర్వాతి వారం నేను పిన్నిలా చూసుకునే పక్కింటి ఖాలా, షెడ్డుకు కండెల మీద నూలు చుట్టి ఇచ్చే ఆమె, మోటారు దగ్గర పొగ చూసి స్విచ్చు వేసింది. బల్బు వెలిగింది. ఎవరూ కదలలేదు. మా కిటికీలోంచి, తెరిచి ఉన్న షెడ్డు తలుపు గుండా చూస్తూనే ఉన్నాను: ఒకాయన బల్బు వైపు చూసి, పక్కాయనకు చేత్తో నా ఎత్తు చూపించి నవ్వాడు. ఈసారి బాపు కూడా రాలేదు. ఖాలా చున్నీ ముక్కుకు చుట్టుకుని లోపలికి పోయి ఒక్కొక్కరినీ భుజం పట్టి లాక్కొచ్చింది. బాపుది చివరి వరుస. ఏడుగురిని లెక్కపెట్టాక చాలాసేపు ఎవరూ రాలేదు.

ఘోర ప్రమాదమంటే కథకు బాగుండేది. కాలింది ఒక మోటారు, నాలుగు మీటర్ల గుడ్డ, బాపు కుడిచేతి వెంట్రుకలు.

ఆ సాయంత్రం ఖాలా కండెలు చుడుతూనే అడిగింది. "ఎందుకేస్తున్నవే గా స్విచ్చు?"

"ఊకెనే."

"ఊకెనే అంటే?"

"ఇంట్ల ఎవ్వలు లేరు ఖాలా."

ఆమె చక్రం ఆపింది. "గట్ల చెప్పు మరి. గిది వేరే బేటీ. మంటకు స్విచ్చు. ఊకెనే అయితే గీ గోడ కొట్టు, నేను మళ్ల కొడ్త."

కొట్టాను. కొట్టింది. ఆ సెలవులన్నీ మా రెండిళ్ల మధ్య గోడ సున్నం రాలుస్తూనే ఉంది. స్విచ్చు జోలికి పోలేదు. బల్బును షెడ్డు వాళ్లు మళ్లీ నమ్మడానికి మాత్రం ఏడాది పట్టింది.

ఇప్పుడు కోరుట్లలో ఒక అద్దెగదిలో ఉంటున్నాను. పిడుగుల హెచ్చరికకూ, ఊరికే పరీక్షించడానికి పంపే సైరనుకూ, చీరల మీద తగ్గింపుకూ నా ఫోను ఒకేలా గుండెలు బాదుకుంటుంది. బస్సులో అందరి బొటనవేళ్లూ ఒకేసారి ఫోన్ల నోరు మూయిస్తాయి, చదివేవాళ్లు లేరు. వాళ్లను తప్పుపట్టే అర్హత నాకు లేదు.

గది మరీ ఖాళీగా ఉన్న రోజు బాపుకు ఫోను చేస్తాను. జ్వరమని చెబితే తొలి బస్సుకే వస్తాడని తెలుసు. చెప్పను. ఆయన "ఏమైంది" అనేలోపే అనేస్తాను: "ఏం కాలే బాపూ, ఊకెనే చేసిన."