వాన పాట

రేకులు వంచే మిషన్ దగ్గర పద్దెనిమిదేళ్లు పనిచేసిన మేస్త్రీకి చెవులు దాదాపు పోయాయి. అందరూ జాలిపడతారని ఇంట్లో కూడా చెప్పలేదు. పాత గోడౌన్‌లో నలుగురు కుర్రాళ్ల రాక్ బ్యాండ్ వాయించినప్పుడల్లా మాత్రం వెళ్లి, స్పీకర్‌కు అరచెయ్యి ఆనించి, డ్రమ్మర్ కాలు చూస్తూ తల ఊపేవాడు.

ఆ సాయంత్రం ఒక పాట ఆగగానే పాటగాడిని ఎప్పటిలాగే అడిగాడు. "తమ్ముడూ, మన వాన పాట అందుకోండి."

జనం గొల్లున నవ్వారు. పక్కవాడు చెవిలో అరిచాడు. "ఇప్పుడు అయింది అదేగా బాబాయ్, నిద్రపోయావా?"

"బాగుంది కదరా, మళ్లీ వినాలని," అని సర్దుకున్నాడు మేస్త్రీ.

పాటగాడు నవ్వలేదు. వేదిక అంచున, మేస్త్రీకి ఎదురుగా కూర్చుని, పసివాడికి చెప్పినట్టు పెదవులు నిదానంగా కదుపుతూ మళ్లీ పాడాడు.

గుట్టు రట్టయిందని మేస్త్రీకి తెలిసిపోయింది. పాట అయ్యేదాకా నవ్వుతూనే నిలబడ్డాడు. ఆ తర్వాత ఎప్పుడూ అటు వెళ్లలేదు.