మహీధర్ ఉదయపు మెసేజ్

ఆళ్లగడ్డలో తన మందుల షాపు షట్టర్ ఎత్తగానే మహీధర్ కళ్లద్దాలు తుడుచుకుని ఫోన్ తీస్తాడు. బీపీ ఉన్న పెద్దవాళ్లకు "మాత్ర వేసుకున్నారా?" అని ఒక మెసేజ్ పంపుతాడు. కండోమ్ అడగలేక దగ్గు బిళ్లలు కొనుక్కుని పోయే కుర్రాళ్ల దగ్గర నంబర్లు తీసుకుని, వాళ్లకు ఇంకొకటి పంపుతాడు: "సిగ్గుపడితే జబ్బు ఆగదు. కండోమ్ వాడండి. అడగలేకపోతే ఈ మెసేజ్ చూపించండి, చాలు." చూపించినవాళ్లకు పొట్లం కట్టి ఇస్తాడు, ముఖం మాత్రం చూడడు.

ఒక శనివారం పొరపాటున ఆ రెండో మెసేజ్ పెద్దవాళ్లందరికీ వెళ్లింది. ఇక షాపు మూసుకోవలసిందేనని అతను మందుల అట్టపెట్టెల వెనక ముడుచుకుని కూర్చున్నాడు. అంతలో శిరివెళ్ల నుంచి బీపీ మాత్రలకు వచ్చే గౌరమ్మ ఆటో దిగి, తన ఫోన్ అతని ముందు పెట్టింది.

"ఏందప్పా ఇది? మా పెద్దకోడలు సదివి ఒకటే నవ్వుతాంది."

"తప్పయిపోయిందవ్వా," అన్నాడు మహీధర్ తల ఎత్తకుండా.

"తప్పు కాదులే. ముసల్దాన్ని, నాకు పంపితే ఏం లాభం? మా చిన్నోడు లారీ మీద నెలలు నెలలు తిరుగుతాంటాడు. కన్నతల్లిని, ఈ మాట వానికి నేనెట్ల సెప్పేది? వాని నంబరు రాసుకో."

ఇప్పుడు మహీధర్ రోజూ ఆ మెసేజ్ పంపే నంబర్లలో ముప్పై ఒకటి వాళ్ల తల్లులు తెచ్చి ఇచ్చినవి.