వరుస మార్చిన రోజు

హాస్టలుకు తీసుకెళ్ళాల్సిన సామాన్ల జాబితా నేనే రాశాను. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు, జాకెట్ల కొలతలు రాసుకునే పెన్సిలుతో. బకెట్టు, మగ్గు, కంచం, గ్లాసు, తాళం, రెండు దుప్పట్లు, థర్మామీటరు, పన్నెండు మాస్కులు. మాస్కులు లైనింగు ముక్కలతో నేనే కుట్టాను. కాలేజీలు తెరుస్తారని వార్త వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి ఇంకో వస్తువు చేర్చేదాన్ని. వాయిదా పడిందని తెలియగానే మడిచి మిషను సొరుగులో పెట్టేదాన్ని. మడతల దగ్గర కాగితం చిరిగిపోయేదాకా ఇదే పని.

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోగానే బస్సులు ఆగిపోయాయి. ఆ తర్వాత నెలల తరబడి ఎవరికీ ఏమీ తెలియదు. తనకి మాత్రం ఏం కావాలో తెలుసు. అనంతపురంలో ఒక కాలేజీ ఉంది, అక్కడ స్టాటిస్టిక్స్ చదవాలి. రోజూ సాయంత్రం టీవీలో జిల్లాల వారీగా కేసులు చెప్పేవాళ్ళు కదా, అవన్నీ ఒక నోటుబుక్కులో రాసి గీతలు గీసేది. మేమంతా ఆ అంకెలకు భయపడుతుంటే తను మాత్రం, ‘ఎల్లుండికి తగ్గుతాయి సూడు మా’ అనేది. కొన్నిసార్లు తగ్గేవి కూడా.

మా ఇల్లు ఆదోనిలో. మా ఆయన పత్తి మార్కెట్టులో హమాలీ. నా పుట్టిల్లు ఎమ్మిగనూరు, మా నాయన మగ్గం నేసేవాడు. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. మిగతా చదువంతా లైబ్రరీలోనే. పెళ్ళయి ఆదోని వచ్చాక, కుట్టిన జాకెట్లు ఇచ్చి వచ్చే దారిలో లైబ్రరీ కనిపించింది. మొదటి రోజు బెంచీల నిండా మగవాళ్ళే పేపర్లు చదువుతున్నారు. నేను గోడ పక్కన నిలబడే చదివాను. నెల తిరక్కుండా సభ్యత్వ కార్డు తీసుకున్నాను. ఆ కార్డు ఇప్పటికీ రేషన్ కార్డుతో పాటు దాచుకున్నాను. చరిత్ర, వైద్యం, చట్టం, ఏది దొరికితే అది చదివాను. వీధిలో ఎవరికి ఏ ఆఫీసుకి అర్జీ కావాలన్నా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆయన నవ్వుతూ అనేవాడు, ‘మా ఇంట్లో కలెక్టరు ఉండాదప్పా, నేను ఉత్త బంట్రోతుని’ అని.

లాక్‌డౌను పెట్టే ముందు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. మన ప్రాంతాల పాత సంగతులు రాసిన లావుపాటి పుస్తకం. అట్ట లేదు, రాసిందెవరో కూడా తెలియదు. అందులో ఒకచోట ప్లేగు గురించి ఉంది. ఇరుకు సందుల్లో ఇంటి నుంచి ఇంటికి ఎలా పాకిందో, శవాలు మోసేవాళ్ళు దొరక్క జనం ఏం అవస్థ పడ్డారో రాశారు. ఆ పేజీలు ఎన్నిసార్లు చదివానో. చదివి, వీధిలో వాళ్ళకి చెప్పేదాన్ని. అందరూ నా మాట వినేవాళ్ళు. వింటున్నారని నేను ఇంకా చెప్పేదాన్ని.

కేసులొచ్చి మా వీధి మొదట్లో దారి మూస్తూ బొంగులు కట్టిన రోజుల్లోనే పక్కింటి పెద్దామె పోయింది. ‘కాలేజీకి పొయ్యే రోజు నా దగ్గర దువా తీసుకోకుండా పోవద్దు బేటీ’ అని మా అమ్మాయికి చెబుతుండేది. దగ్గుతోనే అంబులెన్సు ఎక్కింది. ఎక్కేటప్పుడు చెప్పులు మరిచిపోయింది. కర్నూలు పెద్దాసుపత్రిలో పోయిందని మూడో రోజు ఫోను వచ్చింది. కొడుక్కి ముఖం కూడా దూరం నుంచే చూపించారు. ఆ చెప్పులు వాళ్ళ గడప పక్కన చాలా రోజులు అలాగే ఉన్నాయి. నీళ్ళు పట్టుకోవడానికి వెళ్ళినప్పుడల్లా నాకు అవే కనిపించేవి. అనంతపురంలో మా పిల్లకి జ్వరం వస్తే నన్ను కూడా దూరం నుంచే చూడమంటారా? అప్పటి నుంచి నా బుర్రలో ఇదొక్కటే.

ఎప్పుడో చలికాలంలో డిగ్రీ అడ్మిషన్లు మొదలయ్యాయి. అంతా ఆన్‌లైనే. ఏ కాలేజీ ముందు కావాలో, ఏది తర్వాతో వరుసగా పెట్టుకోవాలి. పైన పెట్టిన దాంట్లో సీటు ఉంటే అదే వస్తుంది, కిందివి ఇక చూడరు. మా ఇంట్లో ఫోను ఒక్కటే, అది నాది. దరఖాస్తులో నా నంబరే ఇచ్చాం. ఏం చేయాలన్నా ఆ నంబరుకు ఆరంకెల ఓటీపీ వస్తుంది. ఇద్దరం కలిసి నెట్ సెంటరుకు వెళ్ళాం. అమ్మాయి దగ్గరుండి పెట్టించింది. మొదట అనంతపురం, తర్వాత కర్నూలు, అట్టడుగున ఆదోని. బయటికి వచ్చాక, ‘ఎమ్మిగనూరుకు పోయి జేజినాయన దగ్గర దుప్పట్లు తెచ్చుకుంటా మా’ అంది. మా నాయన ఈ వయసులోనూ మనవరాలి కోసం మగ్గం ఎక్కి రెండు దుప్పట్లు నేసి ఉంచాడు. మర్నాడు పొద్దున బస్సెక్కించాను.

వరుస మార్చుకోవడానికి ఆ సాయంత్రం దాకా గడువుంది. బస్సు వెళ్ళిపోయాక ఇంటికి రాలేదు, నేరుగా నెట్ సెంటరుకు వెళ్ళాను.

నెట్ సెంటరాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని, “ఏమక్కా, మల్లా వచ్చినావు? పాప రాలేదా?” అన్నాడు.

“ఎమ్మిగనూరుకు పోయింది. వరుస మార్చమని సెప్పింది.”

“నిన్న పట్టుబట్టి పెట్టించుకున్యాది కదక్కా అనంతపురం?”

“ఇప్పుడు వద్దంటాంది. ఆదోని ముందు పెట్టన్నా.”

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశాడు. “సరేలే, నువ్వు సదివినదానివి, నీకు నేను సెప్పేదేముంది” అని మీట నొక్కాడు. నా చేతిలో ఫోను మోగింది. ఆరంకెలు చదివి వినిపించాను. బయటికి వచ్చాక ఆ మెసేజీ తీసేశాను. ఇంట్లో చీపురు పుల్ల కూడా దాచి ఎరగనిదాన్ని, ఆ రోజు ఈ పని చేశాను.

మా ఆయనకూ చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు. ‘దాని రాత దాన్ని రాసుకోనీయే, మనమైతే యాడికీ పోలేదు’ అని అంతకుముందే ఒకసారి అన్నాడు.

సాయంత్రం అమ్మాయి దుప్పట్లతో వచ్చింది. నీలం గళ్ళవి, కొత్త నూలు వాసన. “జేజినాయన సెప్పినాడు మా, అనంతపురంలో సలి ఎక్కువంట, అందుకే ఒత్తుగా నేసినాడంట” అని నవ్వింది. జాబితా తీసి, దుప్పట్ల పక్కన టిక్కు పెట్టింది. స్టీలు కంచం మీద పేరు చెక్కించడానికి అప్పుడే బజారుకు పోదామంది. పోయాం. చెక్కేవాడు ‘యా ఊరి కాలేజీమ్మా’ అని అడిగితే, తను ‘అనంతపురం’ అంది, సీటు వచ్చేసినట్టే. నేను పక్కన నిలబడి విన్నాను.

పది రోజులకు సీట్లు ప్రకటించారు. మధ్యాహ్నం మెసేజీ వచ్చింది. అమ్మాయి చదివి, మళ్ళీ చదివింది.

“ఆదోనిలోనే వచ్చింది మా.”

నేను మిషను మీద నుంచి తల ఎత్తలేదు. ఏదో ఒకటి అనాలి కనక, “అవునా” అన్నాను.

“నాకు మార్కులు సాల్లేదేమో” అంది.

ఆయన అన్నం తింటున్నవాడల్లా చేయి కడుక్కుని వచ్చి, “పోనీలే పాపా, సదివేటోళ్ళు యాడున్యా సదువుతారు. మీ యమ్మ యా కాలేజీకి పోయింది?” అని తల నిమిరాడు. నన్ను పొగిడి తనని ఓదార్చాడు. ఆ పూట తను పేరు చెక్కించిన కంచం సంచిలోంచి తీసి, అందులోనే అన్నం పెట్టుకుని తింది. తర్వాత కడిగి, మా కంచాలతో పాటు అరలో పెట్టేసింది.

తను ఏడిస్తే ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఏడవలేదు. తనకి తెలివి తక్కువని నమ్మింది. టీవీలో అంకెలు వస్తున్నా నోటుబుక్కు తీయడం మానేసింది. నేను భయపడింది తన ఒంటికి ఏమైనా అవుతుందని. ఇట్లా అవుతుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

నాలుగో రోజు ఎదురింటి అమ్మాయి, మా అమ్మాయితో కలిసి చదివిన పిల్లే, అనంతపురంలో అదే కాలేజీలో సీటొచ్చిందని మిఠాయి ఇచ్చి వెళ్ళింది. ఆ పిల్లకి మార్కులు తక్కువ. మా అమ్మాయి మిఠాయి చేతిలో పట్టుకునే నోటుబుక్కు తీసింది. ఏవో లెక్కలు వేసింది. తల ఎత్తినప్పుడు నాలుగు రోజులకి మొదటిసారి ముఖంలో వెలుగు చూశాను.

“మా, ఇది జరగనిది. నాకు రాకుండా దానికి ఎట్ల వస్తాది? కంప్యూటర్లో ఏదో తప్పు జరిగింది. అర్జీ పెడదాం. నువ్వయితే బాగా రాస్తావు.”

తెల్ల కాగితం తెచ్చింది. కింద ఆనుకోవడానికి ఏదైనా కావాలని ఆ లైబ్రరీ పుస్తకమే తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పెన్ను మూత తీసి ఇచ్చింది. నేను ‘గౌరవనీయులైన అధికారి గారికి’ అని మొదలుపెట్టాను. వీధిలో పెన్షను కోసం, కుళాయి కోసం ఎన్ని రాశానో, ఆ వాక్యం చేతికి తనంతట తానే వస్తుంది. ‘నా కుమార్తె ఇచ్చిన వరుసను మార్చి’ అన్నంత వరకు రాశాను. మార్చింది ఎవరని రాయాలి? పెన్ను అక్కడే ఆగిపోయింది.

తను నా భుజం మీద నుంచి చూస్తూ, “కంప్యూటరు తప్పు వల్ల అని రాయి మా” అంది.

“కంప్యూటరు కాదు పాపా” అన్నాను. “నేనే మార్చినాను.”

అర్థం కానట్టు చూసింది. నువ్వు ఎమ్మిగనూరుకు పోయిన రోజు, అని మొదలుపెట్టి అంతా చెప్పాను. మెసేజీ తీసేసిన సంగతి కూడా.

“యాల మార్చినావు మా?” అని మాత్రం అడిగింది.

పక్కింటి పెద్దామె చెప్పుల సంగతి చెప్పలేకపోయాను. అలవాటు కొద్దీ పుస్తకం తెరిచి, ప్లేగు పేజీలు చూపించాను. ఇదంతా చదివి భయపడ్డాను అన్నాను. తను పుస్తకం లాక్కుని చదివింది. నేను ఎప్పుడూ ఆపేసే చోట ఆపలేదు, పేజీ తిప్పింది.

“ఊరిడిసి సేన్లలో గుడిసెలు ఏసుకున్నోళ్ళు శానామంది బతికినారని రాసినారు ఈడ. ఇండ్లలోనే ఉన్నోళ్ళు పోయినారంట. ఇది సదవలేదా నువ్వు?”

చదివాను. వెయ్యిసార్లు కాకపోయినా ఒకసారైనా చదివే ఉంటాను. నా భయానికి పనికొచ్చింది మాత్రం మనసులో పెట్టుకుని, మిగతాది వదిలేశాను. ఇన్నేళ్ళుగా, చదువుకున్న కాలేజీవాళ్ళ కంటే నేనే జాగ్రత్తగా చదువుతానని లోపల ఒక గర్వం ఉండేది.

ఆయన మార్కెట్టు నుంచి వచ్చాక నేనే చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. తలగుడ్డ విప్పి పత్తి దులుపుకుంటూ, “నాకు సదువు రాదని అన్నీ నీకు ఇడిసిపెడితిని కదే” అన్నాడు. అంతే. ఆ తర్వాత ఇంట్లో కలెక్టరు మాట ఎప్పుడూ రాలేదు.

రెండో విడత ఉందని తెలిసింది. ముగ్గురం కలిసి వెళ్ళాం. నెట్ సెంటరాయన నన్ను చూసి ఏదో అనబోయి, అమ్మాయి ముఖం చూసి ఊరుకున్నాడు. అనంతపురంలో స్టాటిస్టిక్స్ సీట్లు అప్పటికే నిండిపోయాయి. అయినా దాన్నే పైన పెట్టింది. తర్వాత కర్నూలు. ఆదోని పెట్టలేదు. “అది కూడా పెట్టుమ్మా, ఏదీ రాకపోతే ఎట్ల” అన్నాడు నెట్ సెంటరాయన. “వద్దన్నా” అంది. ఫోను నా చేతిలో మోగింది. చదవబోయాను. తను చేయి చాపి ఫోను తీసుకుని, ఆరంకెలూ తనే చెప్పింది.

కర్నూలు వచ్చింది. అందులో స్టాటిస్టిక్స్ లేదు, లెక్కలు ఉన్నాయి. దుప్పట్లు, బకెట్టు, కంచంతో వెళ్ళి దింపి వచ్చాం. గేటు దగ్గర నుదుటికి ఏదో పెట్టి ఉష్ణోగ్రత చూసి, తనను ఒక్కదాన్నే లోపలికి పంపారు. రెండు నెలలు కూడా కాలేదు. ఎండాకాలంలో జబ్బు మళ్ళీ లేచింది. హాస్టలు ఖాళీ చేయమన్నారు. బకెట్టులో పుస్తకాలు పెట్టుకుని, రెండు మాస్కులు ఒకదాని మీద ఒకటి కట్టుకుని ఇంటికి వచ్చింది. జ్వరం లేదు, ఏమీ లేదు. అయినా వాకిట్లో నిలబెట్టి థర్మామీటరు పెట్టి చూశాను. ఏమీ అనకుండా నోరు తెరిచింది.

ఆ సెలవుల్లోనే తను సొంతంగా ఒక పాత ఫోనూ సిమ్మూ తీసుకుంది. కాలేజీలో, స్కాలర్‌షిప్పులో, అన్నిచోట్లా ఆ నంబరు ఇచ్చింది. నా నంబరు తీసేసినట్టు నాతో చెప్పలేదు. నా ఫోనుకు మెసేజీలు రావడం ఆగిపోయాక నాకే తెలిసింది.

లైబ్రరీ తెరిచాక పుస్తకం ఇచ్చేశాను. ఇన్నాళ్ళు ఎందుకు ఉంచుకున్నావని ఎవరూ అడగలేదు. ఆ రోజు వేరే పుస్తకం తెచ్చుకోలేదు.

హాస్టలు మళ్ళీ తెరుస్తున్నారని కబురొచ్చినప్పుడు మిషను సొరుగులో నుంచి పాత జాబితా తీశాను. అవసరం లేదంది. తను అప్పటికే వేరే రాసుకుంది. నోటుబుక్కు చివరి పేజీలో ఉందట. చూపిస్తుందేమోనని కాసేపు చూశాను. చదువుకుంటూ కూర్చుంది. నేను మిషను దగ్గరికి వెళ్ళి మాస్కులకని లైనింగు ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

“ఎన్ని కుట్టాల పాపా?” అని అడిగాను.

“నేను సెప్తాలే” అంది. కాసేపయ్యాక, “తాళ్ళు మాత్రం పొడుగ్గా పెట్టు. అప్పుడు కుట్టినవి సెవులకు కోసుకుంటాండె” అంది.

పొడుగ్గానే పెట్టాను.