అన్న వేషం

సిటీ బస్సు కిటికీ అద్దానికి కాస్త నూనె రాస్తే ఎవరి సొమ్మూ పోదు. ఆ రోజు గాజువాక దాకా నా ముందు సీటతను దాన్ని కీచుమనిపిస్తూ తీయడం, వేయడం. పక్కనున్న వాళ్లన్న, తమ్ముడి వేళ్లు నలక్కుండా ప్రతిసారీ తన చెయ్యి అడ్డం పెడుతున్నాడు.

నేను ఫోన్లో మా నాటకం గోలలో ఉన్నాను. ఆటిజం ఉన్న తమ్ముడు, అతణ్ణి చూసుకునే అన్న, ఇదీ నాటకం కథ. బహుమతి వస్తుందని తమ్ముడి వేషానికి నలుగురు కొట్టుకుంటున్నారు. అన్న వేషానికి ఒక్కడూ లేడు. దొరక్కపోతే పోటీలోంచి తప్పుకోవడమే.

ఫోన్ పెట్టేశాక ముందు సీట్లో అన్న వెనక్కి తిరిగాడు. "మావోడికీ ఆ ఆటిజమే బాబూ."

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే అన్న వేషం మీరే వేసెయ్యండి. రిహార్సల్ కూడా అక్కర్లేదు."

అద్దం మళ్లీ కీచుమంది. చెయ్యి అడ్డం పెట్టాడు.

"తమ్ముడేసమైతే సెప్పండి, ఏత్తాను. అన్నేసం ఏసేసి ఇసుగెత్తిపోనాను."