సూగురేశ్ అయస్కాంతాల కాపలా

రాయచూరులో సూగురేశ్ మైక్ సెట్ దుకాణం పక్కనే నేను బట్టలు కుడతాను. ఆయన నోరూ నా కుట్టుమిషనూ ఇరవై ఏళ్ళుగా పోటీ పడుతున్నాయి, గెలుపు ఎప్పుడూ ఆయనదే. పెళ్ళయినా, ఉరుసయినా, ఎన్నికలయినా ఆయన "హలో, మైక్ టెస్టింగ్" అంటేగానీ మొదలు కావు. ఊళ్ళో ఇంత పలుకుబడి ఉన్నవాడికి అత్తగారి ఊరు యాపలదిన్నిలో మాత్రం పూచికపుల్ల విలువ లేదు. ఒకసారి అక్కడ కొత్త స్పీకరు పరీక్ష చేస్తే పక్కింటి బర్రె పలుపు తెంచుకుని పరుగెత్తింది. ఆ తర్వాత అత్తవారింట్లో ఎవరూ ఆయనకు ఏ పనీ చెప్పలేదు.

అత్తగారు కృష్ణాబాయి గట్టి మనిషి. భర్త పోయాక జొన్న చేను తానే చేసుకుంటూ వచ్చింది. మంచె ఎక్కి వడిసెల తిప్పిందంటే రాయి ఆమె అనుకున్న చోటే పడేది. ఒక ఏడు ఆమె కుడి భుజం పట్టేసింది, చెయ్యి పైకి లేవదు. చలికాలం వచ్చిందంటే ఎక్కడో దేశాల అవతలి నుంచి గులాబీ గోరింకలు దిగుతాయి. నల్లని తల, గులాబీ రంగు ఒళ్ళు, చూడముచ్చటగా ఉంటాయి. వేలకు వేలు వాలి కంకులు ఊడ్చేస్తాయి కాబట్టి చూసి ముచ్చటపడే తీరిక రైతుకు ఉండదు. ఊళ్ళో వాటిని జొన్న పిట్టలంటారు.

ఆమె మరిది పంపన్న ఎప్పటి నుంచో ఆ చేను తనకు వదిలెయ్యమంటున్నాడు. కాపలాకు మనిషి దొరక్కపోతే వచ్చే ఏటి నుంచి నువ్వే చేసుకో అని కృష్ణాబాయి చివరికి ఒప్పుకుంది. ఆ మాట విని సూగురేశ్ భార్య హేమ రెండు పూటలు అన్నం ముట్టలేదు. అప్పుడు సూగురేశ్ లేచి, ఈ ఏడు కాపలా నాదన్నాడు. కృష్ణాబాయి సరేనంది కానీ, మైకు మాత్రం ఊరి పొలిమేర దాటి రాకూడదని షరతు పెట్టింది.

మైకు లేకుండా సూగురేశ్ ఏం చేస్తాడు? ఆ చిక్కు విప్పింది కూతురు రశ్మి. కాలేజీలో సైన్సు చదువుతున్న పిల్ల. వలస పిట్టల కంట్లో ఒక మాంసకృత్తు ఉంటుందనీ, నీలి వెలుగు పడితే అది మేలుకుని భూమి అయస్కాంత శక్తిని పసిగడుతుందనీ, పిట్ట దిక్కును కంటితోనే చూస్తుందని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారనీ, అదింకా పూర్తిగా తేలలేదనీ చెబుతోంది. 'అయస్కాంతం' అన్న చోటే సూగురేశ్ చెప్పులు వేసుకున్నాడు. మిగతా పాఠం రశ్మి గోడకు చెప్పుకుంది.

ఆయన దుకాణంలో కాలిపోయిన స్పీకర్ల అయస్కాంతాలు గుట్టగా పడి ఉన్నాయి. వాటిని కర్రల కొసలకు కట్టి చేను నిండా పాతుతానని నాతో చెప్పాడు.

"పొలాలల్ల దారి తప్పితె థర్మల్ కరెంటు ప్లాంటు పొగగొట్టాలు ఏ దిక్కున్నయో చూస్తం గద. అడుగుకొక పొగగొట్టం నిలబెడ్తె నువ్వు ఏడికి పోతవ్?"

నేనయితే ఏదో ఒకదాని కింద కూర్చుని చాయ్ తాగుతానన్నాను. అది ఎంత సరైన జవాబో అప్పుడు మా ఇద్దరికీ తెలియలేదు.

ఎళ్ళ అమావాస్య వచ్చింది. ఆ రోజు మా వైపు చుట్టాలంతా చేలోకి వెళ్ళి, భూమికి పూజ చేసి, తెచ్చిన వంటల్లో కొంత చేను చుట్టూ చరగ చల్లి, మిగతాది అక్కడే కూర్చుని తింటారు. నన్నూ పిలిచారు. జొన్న పాలు పట్టి నిగనిగలాడుతోంది. మధ్యలో కర్రలు, వాటి మీద నల్లని అయస్కాంతాలు. సూగురేశ్ ఇస్త్రీ చొక్కాతో గట్టు మీద తిరుగుతూ, ఇక పిట్టలు దారి తప్పి గద్వాలకు పోవలసిందేనని అందరికీ చెప్పాడు. పంపన్న మీసం చాటున నవ్వుకున్నాడు.

చరగ చల్లడం అయ్యీ కాకముందే ఉత్తరం నుంచి మబ్బులా ఒకటి వచ్చింది. చేను మీద రెండు చుట్లు తిరిగింది. తర్వాత పిట్టలు కర్రల మీద వరసగా, ఎవరో పీటలు వేసి పిలిచినట్టుగా కూర్చున్నాయి. కూర్చుని కంకులు ఏరుకుని మరీ తిన్నాయి. ఒకటి అయస్కాంతానికి ముక్కు రుద్దుకుంది. చుట్టాలు కడుపులు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు.

అప్పుడు రశ్మి మిగిలిన సగం పాఠం చెప్పింది.

"ఆ దిక్కు చూసుడు అంత దూరం నుంచి వచ్చేటందుకు నాయినా. వచ్చినంక కంకి కనబడేటందుకు ఉట్టి కండ్లు చాలవా? నీ అయస్కాంతం జోరు జానెడు దాటదు."

నిజమే కదా. దారి అడిగేది ఊరు చేరేదాకానే, విస్తరి ముందు కూర్చున్నాక ఎవరడుగుతారు? కృష్ణాబాయి తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని చేను వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు చూశాక ఎవరికీ నవ్వు రాలేదు.

సూగురేశ్ ఇస్త్రీ చొక్కాతోనే చేలోకి దిగి కర్రలన్నీ పీకాడు. తర్వాత మంచె ఎక్కాడు. వడిసెల తిప్పితే మొదటి రాయి వెనక్కి పోయి సజ్జ రొట్టెల గంప మీద పడింది, రెండోది ఎటు పోయిందో ఇప్పటికీ తెలియదు. వడిసెల కింద పెట్టి ఉత్త గొంతుతో అరవడం మొదలుపెట్టాడు. మైకు లేకుండా ఆయన అరవగా వినడం నాకదే మొదటిసారి.

పెళ్ళిళ్ళ కాలంలో దుకాణానికి తాళం వేసి కోతలదాకా యాపలదిన్నిలోనే ఉన్నాడు. పొద్దు పొడవకముందే మంచె ఎక్కేవాడు, పిట్టలు చెట్లకు మళ్ళాక దిగేవాడు. మొదట్లో పొరుగు చేలవాళ్ళు నవ్వారు, తర్వాత ఆయన అరుపు విని తమ కాపలాదారులను తిట్టుకున్నారు. కృష్ణాబాయి రోజూ మధ్యాహ్నం రొట్టె తెచ్చి మంచె కింద కూర్చునేది, పిట్టలు ఎటు నుంచి దిగుతున్నాయో ఎడమ చేత్తో చూపించేది.

కోత అయింది. ఎప్పుడూ వచ్చే దానికన్నా తక్కువే వచ్చింది. కళ్ళంలో రాశి పోస్తుంటే పంపన్న వచ్చి, పిట్టలు తినగా మిగిలింది చూశావు కదా వదినా, ఇక చేను నాకిస్తానన్న మాట ఏమయిందని అడిగాడు. సూగురేశ్ తల దించుకుని చేటలో జొన్నలు ఊరికే కదుపుతున్నాడు.

"మనిషి లేని చేను ఇస్తనంటి, పంపన్నా," అంది కృష్ణాబాయి. "ఈ చేనుల మనిషున్నడు. ఎట్ల ఇస్త?"

పంపన్న కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. సూగురేశ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారికి ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. కోతలదాకా అరిచిన గొంతులోంచి గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నిస్తే కీచుమంది.

కృష్ణాబాయి చేట అందుకుని అంది: "మాట్లాడకు బిడ్డా. వచ్చే ఏటికి దాసుకో."