నా టీసీ మీద సార్ దస్తూరి

మా చిన్నప్పుడు... ఒకే మధ్యాహ్నం ఇరవై ఆరుగురు నాన్నలు బీడీలు మానేశారు. మా తొమ్మిదో తరగతి నోట్‌బుక్కుల్లో.

కొడకండ్ల దగ్గర సర్కారు బడి మాది. ఇంగ్లిష్ సార్ బోర్డు మీద 'గివ్ అప్' అని రాసి, దాని కింద అదే అర్థమొచ్చే మాటలు రాయమని సుద్దముక్క నా చేతికిచ్చారు. స్టాప్, క్విట్, లీవ్, సరెండర్... నాలుగూ తప్పు లేకుండా రాశాను. తర్వాత ఆ మాటతో తలా ఒక వాక్యం రాయమంటే అందరం గైడులో ఉన్నదే దించేశాం. మై ఫాదర్ గేవ్ అప్ స్మోకింగ్.

సార్ నోట్‌బుక్కులన్నీ తిరగేసి తల పట్టుకున్నారు.

"ఏందిరా, ఊరు ఊరంత బీడీలు బంద్ చేసిందా? మరి పొద్దుగాల గేటు కాడ గా పొగ ఎవలిదిరా?"

"మా బాపుదే సార్," అన్నాడు ముందు బల్ల మీది యాకయ్య. క్లాసంతా నవ్వింది.

"రేపు మీ ఇంట్ల నిజంగ ఎవలు ఏం మానేసిండ్రో గది రాసుకరాండ్రి. గైడు ముచ్చట రాస్తె నేను చూడ."

మర్నాడు నిజాలు వచ్చాయి. యాకయ్య వాళ్ల అవ్వ పళ్లు ఊడి మక్కకంకులు మానేసింది. ఇంకొకడి అన్న కాలు విరిగి కబడ్డీ మానేశాడు. నేను మా అమ్మ గురించి రాశాను. మాది తండా... మా భాషలో అమ్మను యాడి అంటాం. మా యాడి అద్దాల లంగా కట్టుకోవడం మానేసింది అని రాశాను.

"ఎందుకే?" అన్నారు సార్.

"జనగామ బస్సుల మంది నవ్వుతుండ్రని సార్."

సార్ నా నోట్‌బుక్కు మూసి నా చేతికిచ్చారు. "అయితే మీ యాడి మానెయ్యలే బిడ్డా. నవ్వినోళ్లు మాన్పిచ్చిండ్రు. రెండు ఒకటి కాదు. యాదుంచుకో."

యాదుంచుకున్నాను. ఆ రోజు నుంచి ఇంగ్లిష్ అంటే పిచ్చి పట్టింది. యూరియా సంచి మీది అక్షరాలు కూడా వదలకుండా చదివేదాన్ని.

పదో తరగతి దసరా సెలవులకు ఇంటిల్లిపాదీ భూపాలపల్లి దిక్కు పత్తి ఏరడానికి పోయాం. సెలవులు అయిపోయాయి గానీ పత్తి అయిపోలేదు. ఎండిన కాయల మొనలు గోళ్ల పక్కన గుచ్చుకుని నా ఇంగ్లిష్ పుస్తకం నిండా నెత్తుటి మరకలు... అయినా చదివాను. నెలన్నరకు తిరిగొచ్చేసరికి బడిలో పరీక్ష ఫీజు లిస్టు తయారవుతోంది. అందులో నా పేరు లేదు.

బాపును పిలిపించారు. గేటుకు 'పదిలో నూటికి నూరు' అని ఫ్లెక్సీ కట్టి ఉండేది. హెడ్మాస్టర్‌కు అదే ప్రాణం.

"నెలన్నర బడికి రాలే. రాస్తె ఫెయిలైతది. ఒక్క పిల్ల కోసం బడి పేరు ఖరాబ్ చేసుకోవాల్నా? టీసీ తీసుకపో. మల్లొచ్చే ఏడు ఏడనన్న రాసుకుంటది."

"మంచిగ చదువుతది సార్. జర చూడుండ్రి," అన్నాడు బాపు, నిలబడే. కుర్చీ ఎవరూ చూపలేదు.

హెడ్మాస్టర్ ఇంగ్లిష్ సార్‌ను పిలిచారు. "మీ దస్తూరి మంచిగుంటది, మీరే రాయుండ్రి."

సార్ ఒక్కో గడి నింపుకుంటూ వచ్చి, బడి మానడానికి కారణం అనే గడి దగ్గర ఆగారు. "ఇక్కడేం రాయాలె సార్?"

"ఏమున్నది... పిల్లనే మానేసిందని రాయుండ్రి."

పెన్ను కొద్దిసేపు గాలిలోనే ఉంది. తర్వాత రాశారు... గేవ్ అప్ స్టడీస్. బోర్డు మీద రాసినట్టే గుండ్రంగా, అందంగా. నా మొహం మాత్రం చూడలేదు.

ఏం రాశారు బిడ్డా అని బాపు మా భాషలో మెల్లగా అడిగాడు. ఆ గదిలో మా వైపు ఇంగ్లిష్ వచ్చింది నాకొక్కదానికే. ఆ మాటకు నాలుగు అర్థాలు రాసిన చెయ్యి నాది. ఇది అబద్ధం బాపు, వేలు పెట్టకు అనడానికి మాత్రం ఏ భాషలోనూ నోరు రాలేదు. నాకు పాఠం చెప్పిన సార్‌ను పట్టుకుని అబద్ధం రాశారని ఎట్లా అనేది...

"ఏం లేదు బాపు. టీసీ, గంతే," అన్నాను.

బాపు వేలిముద్ర వేసి, సిరా వేలును తలపాగాకు తుడుచుకున్నాడు.

తర్వాత సొంతంగా చదువుకుని ఓపెన్ స్కూల్లో పది రాశాను, ఇంటరూ రాశాను. ఇప్పుడు ఒక పత్తి మిల్లులో కూలీని. అప్పుడు వేళ్లను పొడిచిన పత్తి ఇప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతోంది. పోయిన నెల మా మిల్లులోనే కాంటా దగ్గర చీటీలు రాసే పని ఖాళీ అయింది. దుమ్ము లేని గది. కాగితాలన్నీ పట్టుకెళ్లాను. మేనేజర్ అన్నీ తిరగేసి టీసీ దగ్గర ఆగాడు.

"బడి మానేసినవ్ గదమ్మా. రేపు ఈ పని గూడ మానేస్తె?"

"నేను మానెయ్యలే సార్. మాన్పిచ్చిండ్రు. రెండు ఒకటి కాదు."

"మరి దీంట్ల గిట్లనే ఉన్నది గద."

"అది నా దస్తూరి కాదు సార్."

ఆ పని ఇంకొకరికిచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి టీసీ తీసి, ఆ గడి మీద వేలు పెట్టి, బాపుకు చదివి చెప్పాను. ఇన్నేళ్లకు. బాపు ఆ కాగితం వంక చాలాసేపు చూశాడు... తన వేలిముద్ర వంక.

"గప్పుడే చెప్పకపోతివి బిడ్డా," అన్నాడు. "ఏలు పెట్టకపోదును."

ఇప్పుడు ఫోన్లో ఒక్క మాట కొడితే అదే అర్థమొచ్చే మాటలు ఇరవై వస్తున్నాయి. మా బడి గోడల నిండా రంగురంగుల ఇంగ్లిష్. గేటుకు ఏటా కొత్త ఫ్లెక్సీ, అదే నూటికి నూరు... ఈ ఏడు ఆ నూరు కోసం ఎవరి పేరు తీసేశారో.

మీ పెట్టెల్లో, మీ అక్కచెల్లెళ్ల పెట్టెల్లో పాత టీసీలు ఉంటాయి. ఒకసారి తీయండి. ఆ గడిలో ఏముందో, అది ఎవరి దస్తూరో కింద రాయండి... చదువుతాను.